సీసాలో ఉబ్బిన తొడుగు

గానుగక్క నూనెని ఎవరైనా ఒక్క మాట అన్నారంటే వాళ్ల పని అయిపోయినట్టే. సొంత తమ్ముణ్ణి ఆమె ముందే నానా మాటలూ అనండి, తలూపి ఇంకో రెండు తనే కలుపుతుంది. నూనెని మాత్రం అనకండి.

వీధి చివర రేకుల షెడ్డు ఆమెది. మోటారు, బెల్టు, గిరగిరా తిరిగే గానుగ. పైనుంచి నల్లజీలకర్ర గింజలు పోస్తే కిందనుంచి నల్లటి నూనె సన్నటి దారంలా దిగుతుంది. ఆ ఘాటు వీధి మలుపు దాకా వచ్చి మనిషిని పలకరిస్తుంది. కొత్తవాళ్లు తుమ్ముతారు. అలవాటైనవాళ్లు గట్టిగా ఊపిరి పీల్చి, "అక్క ఇవాళ షెడ్డు తీసిందిరోయ్" అనుకుంటారు. గింజలు వేయిస్తే నూనె ఎక్కువ దిగుతుందని చాలామంది చెప్పి చూశారు. "ఎక్కువే దిగుతుంది. ఘాటు చచ్చిపోతుంది. ఘాటు చచ్చాక ఇంక దాన్ని నూనె అని ఎందుకు పిలవడం? మీ ఇంటాయన్ని పిలిచినట్టు ఊరికే పిలవడమా?" అని నోరు మూయించేది.

ఆమె చేతులు చూడాలి. యాభై దాటిన మనిషికి అలాంటి చేతులు ఉండవు. ఒక్క పగులు లేదు, ఒక్క పుండు లేదు. గానుగ ఆపగానే గిన్నె అడుగున మిగిలిన నూనె తీసి మోచేతుల దాకా పట్టించుకోవడం ఆమెకి వాళ్ల నాన్న నేర్పిన అలవాటు. గానుగ పనివాళ్లు ఎప్పుడూ ఉత్త చేతులతోనే పని చేస్తారు. నూనె ఎంత వేడిగా దిగుతోందో, మడ్డి ఎంత కలిసిందో వేళ్లకే తెలియాలి. అందుకని చేతికి తొడుగు అన్నది ఆమె జన్మలో వేసుకోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది ఇదే.

ఆమె తమ్ముడు లారీ తోలతాడు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే. అందరూ ఉండేది ఒకే ఇంట్లో. తమ్ముడి పెళ్లాం, అంటే ఆమె మరదలు, ఊరి చివర చేపల ఫ్యాక్టరీలో చేపలు కోస్తుంది. పొడుగాటి బల్లలు, ఐసు, ఉప్పునీళ్లు, కత్తి. పొద్దున్నించి సాయంత్రం దాకా చేతులు తడిలోనే. ఫ్యాక్టరీ వాళ్లు పసుపుపచ్చ రబ్బరు తొడుగులు ఇస్తారు. పల్చటివి, చవకవి. లోపల చెమట, బయట చల్లటి నీళ్లు. మధ్యలో చర్మం ఏమైపోతుందో ఎవరికీ పట్టదు. మరదలి వేళ్ల సందులు తెల్లగా నాని, చిట్లి, నెత్తురు కారుతుంటే గానుగక్క చూడలేకపోయింది.

"ఇదిగో సీసా. పొద్దున్నే బాగా పట్టించు, ఆపైన తొడుగు వేసుకో. ఏ క్రిమీ నీ జోలికి రాదు."

"కంపు కొడుతుంది వదినా."

"చేపల కంపులో పొద్దంతా నిలబడేదానివి, నా నూనె నీకు కంపా?"

మరదలు పట్టించింది. వారం తిరక్కుండా పగుళ్లు మూసుకున్నాయి. పక్క బల్ల ఆడవాళ్లు చూశారు, అడిగారు. సీసాలు ఒకటొకటిగా ఫ్యాక్టరీ గేటు దాటాయి. అందరికన్నా పాతమనిషి, కత్తిపిన్ని అని పిలుస్తారు, ఒక సాయంత్రం షెడ్డుకి వచ్చి మరీ చెప్పింది.

"నీ నూనె పుణ్యాన చేతులు బాగుపడ్డాయమ్మాయ్. ఇంకో మేలు కూడా జరిగింది. ఆ ఘాటుకి మా ఆయన నా పక్కన పడుకోవడం మానేశాడు."

గానుగక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజుల్లో ఆమె నేల మీద నడవలేదనుకోండి.

అప్పుడు వచ్చాడు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ఆడవాళ్లు అతనికి నవ్వులాయన అని పేరు పెట్టారు. సెలవు అడిగితే నవ్వుతాడు, ఇవ్వడు. కొత్త ఆప్రాన్ అడిగితే ఇంకా బాగా నవ్వుతాడు, అదీ ఇవ్వడు. చేతిలో పెద్ద ఫొటో పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ఫొటోలో గుండ్రటి గాజుపళ్లెం. పళ్లెం నిండా మీగడ కట్టినట్టు తెల్లగా క్రిములు. నడిమధ్య ఒక చుక్క. చుక్క చుట్టూ మాత్రం తుడిచినట్టు ఖాళీగా ఒక వలయం.

"మీ నూనెని ల్యాబుకి పంపించామక్కా. చూశారా? మీ చుక్క చుట్టుపక్కల ఒక్క క్రిమి బతకలేదు. ఇకనుంచి ఫ్యాక్టరీయే మీ దగ్గర డబ్బాల లెక్కన తీసుకుంటుంది."

గానుగక్క ఆ ఫొటోని అద్దంలో బిగించి, గానుగ ఎదురుగా గోడకి తగిలించింది. నూనె దిగుతున్నంతసేపూ తలెత్తి దానివంకే చూసేది. వాళ్ల నాన్న నోటిమాటగా చెప్పింది ఇప్పుడు గోడమీద బొమ్మై కూచుంది. ఎవరు మాత్రం పొంగిపోరు?

ఇక్కణ్ణుంచే అసలు దగా మొదలు.

ముందు తొడుగులు చిరగడం మొదలెట్టాయి. ఇదివరకు వారం ఆగేవి, ఇప్పుడు మధ్యాహ్నానికే వేళ్ల చివర జిగటగా సాగి ఊడొచ్చేస్తున్నాయి. మరదలు వచ్చి చెబితే గానుగక్క, "చవక సరుకు, అంతే" అని కొట్టిపారేసింది. ఆడవాళ్లు కొత్తవి అడిగారు. నవ్వులాయన నవ్వాడు.

"రోజుకో జత చింపేస్తే ఎక్కణ్ణుంచి తెమ్మంటారమ్మా? అయినా నూనె ఉండగా తొడుగెందుకు? ప్రకృతి ఇచ్చిన తొడుగు అది. ల్యాబే చెప్పింది."

ఆ మాటతో తొడుగులు ఆగిపోయాయి. తర్వాత నర్సమ్మ గది. చేప ముల్లు గుచ్చుకుంటే కడిగి, కట్టుకట్టి, అవసరమైతే డాక్టరు దగ్గరకి పంపించే నర్సమ్మని వేరే చోటికి మార్చేశారు. గదికి తాళం వేశారు. రెండు రోజులకి తాళం తీసి లోపల ఏం పెట్టారో తెలుసా? గానుగక్క నూనె డబ్బాలు. కాగితం అంటించారు: గుచ్చుకున్నా, కోసుకున్నా ఇక్కడ నూనె రాసుకుని పనిలోకి వెళ్లవలెను.

మనిషికి వైద్యం చేసే గదిని గోదాము చేశారు. పైగా దాన్ని ప్రకృతి అన్నారు! కోట్లు గడించే ఫ్యాక్టరీకి ఆడవాళ్ల చేతికి ఒక రబ్బరు ముక్క బరువైపోయింది.

మరి గానుగక్క ఏం చేసింది? నిజం చెప్పాలంటే, ముందు ఆమెకి కోపం రాలేదు. "నర్సు గదిలో నా నూనె పెట్టారా!" అని ఒకింత మురిసింది. గొప్పదనం తలకెక్కితే కళ్లు అలాగే మూసుకుంటాయి.

ఒక సాయంత్రం మరదలు కుడిచెయ్యి ఆప్రాన్ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చింది. కప్పులో టీ పోసి ఇస్తే ఎడంచేత్తో అందుకుంది.

"చెయ్యి ఏదీ?" అంది గానుగక్క.

"ఏం లేదు వదినా. ముల్లు గుచ్చుకుంది, నూనె రాశాను."

"తియ్యి."

చూపుడువేలు గణుపు దగ్గర ఎర్రగా పొంగి ఉంది. గానుగక్క కంగారు పడలేదు. శుభ్రమైన గుడ్డ నూనెలో తడిపి గట్టిగా చుట్టింది. మర్నాడు వేలు ఇంకా పొంగింది. మళ్లీ నూనె, మళ్లీ గుడ్డ.

"వదినా, గుండె కొట్టుకున్నట్టు వేల్లో కొట్టుకుంటోంది. ఒకసారి డాక్టరు దగ్గరకి పోనా?"

"నూనెకి కాస్త టైమివ్వు. ఆ ఫొటో చూళ్లేదూ నువ్వు?"

మరదలు ఆ చేత్తోనే పనికి పోయింది. రానంటే ఆ రోజు గైర్హాజరు వేస్తానని నవ్వులాయన ముందే నవ్వి చెప్పాడు.

మూడోనాడు పొద్దున్నే గుడ్డ విప్పితే వేలు వేలులా లేదు. గోరు చుట్టూ ఊదారంగు. మణికట్టు దగ్గర మొదలై మోచెయ్యి వైపు ఒక ఎర్రగీత, ఎవరో పెన్నుతో గీసినట్టు. మరదలి ఒళ్లు సలసలా కాగిపోతోంది. గానుగక్క గుడ్డ మళ్లీ పైపైన చుట్టేసి, గానుగకి తాళం కూడా వెయ్యకుండా మరదల్ని ఆటోలో కూచోబెట్టింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వేలు చూసింది, ఎర్రగీత చూసింది, గుడ్డ వాసన చూసింది. ముఖం మాడ్చుకుంది.

"ఏమిటిది?"

"నల్లజీలకర్ర నూనె డాక్టరమ్మా. నేనే తీశాను. క్రిములు చస్తాయి, ల్యాబు ఫొటో కూడా..."

"చస్తాయి. ఎవరు కాదన్నారు? పళ్లెంలో చస్తాయి. అక్కడ నీ నూనె వెళ్లి వాటి నెత్తిమీదే కూర్చుంటుంది. ఇక్కడ ముల్లు వాటిని తీసుకెళ్లి ఎముక పక్కన దించింది. నీ నూనె తలుపు బయట నిలబడి ఉంది. లోపల ఇల్లు తగలబడుతుంటే నువ్వు గడపకి నూనె రాస్తున్నావు. అదీ గుడ్డతో బిగించి మరీ!" అంటూనే నర్సుని పిలిచింది. "వేలు కోసి చీము తియ్యాలి. ఇంజెక్షన్లు ఇప్పుడే మొదలుపెట్టండి. వేలు నిలుస్తుందో లేదో చెప్పలేను. చెయ్యి పోకుండా చూస్తాను."

గానుగక్క తన చేతులకున్న నూనెని చీరకి తుడుచుకుంది. జన్మలో మొదటిసారి.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరిగింది. "తొడుగులు వేసుకోరా మీ ఫ్యాక్టరీలో?"

మరదలు నీరసంగా చెప్పింది. "వేసుకునేవాళ్లం. నూనె రాసుకుని వేసుకుంటే చిరిగిపోయేవి. ఇప్పుడు ఇవ్వట్లేదు."

"రబ్బరు తొడుగు కింద నూనె రాశారా?" డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. "నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి నానిపోతుందమ్మా! తొడుగుల పెట్టె మీదే బొమ్మ వేసి ఉంటుంది. నూనెకి ఆగే తొడుగులు వేరే ఉన్నాయి, నీలంవి. ఎవరు చెప్పారు మీకు ఇలా రాసుకోమని?"

మరదలు వదినవంక చూడలేదు. గోడవంక చూసింది. అలా చూడకపోవడమే గానుగక్కకి చెంపదెబ్బలా తగిలింది.

ఇంటికొచ్చి మరదలి ఆప్రాన్ జేబులు వెతికింది. చిరగని పాత తొడుగు ఒకటి దొరికింది. డాక్టరమ్మ మాట అబద్ధమైతే బాగుండునని ఎక్కడో చిన్న ఆశ. గాజుసీసాలో నూనె పోసి తొడుగుని ముంచింది. సాయంత్రం చూస్తే వేళ్లు వాచాయి. మర్నాటికి తొడుగు తన సైజుకి ఒకటిన్నర రెట్లు ఉబ్బి, సీసాలో పట్టక గాజుకి అతుక్కుని, ఎవరిదో చచ్చిన చెయ్యిలా ఉంది. చిటికెనవేలు పట్టుకుని లాగింది. తడిసిన కాగితంలా ఊడి చేతికొచ్చింది.

అప్పుడు మండింది ఆమెకి. ముందు తన మీద. తర్వాత నవ్వులాయన మీద. తన తప్పు తెలియనితనం. మరి పెట్టెల కొద్దీ తొడుగులు కొని, పెట్టె మీద బొమ్మ పక్కనే చెయ్యిపెట్టి సంతకాలు పెట్టినవాడిది?

గోడమీది ఫొటో దించింది. పగలగొడదామని పైకెత్తింది. మళ్లీ ఆగింది. ఫొటో చేసిన పాపం ఏముంది? అది చెప్పింది నిజమే. దాన్ని చూపించి నోళ్లు మూయించినవాళ్లది పాపం. ఫొటో చంకన పెట్టుకుని, సీసా చేతిలో పట్టుకుని ఫ్యాక్టరీకి నడిచింది.

మధ్యాహ్నం విరామం. ఆడవాళ్లు బల్లల పక్కనే కూర్చుని ఉన్నారు. గేటు కాపలావాడు "ఏంటక్కా, డబ్బాలు వెనకాల వస్తున్నాయా?" అని దారి ఇచ్చేశాడు. నేరుగా నడిచి బల్ల మీద సీసా పెట్టింది. ఠక్ మన్న చప్పుడుకి అందరూ తలెత్తారు.

"చూడండమ్మా ఇది. నా నూనె, మీ తొడుగు. రాసుకుని పైన వేసుకోమని చెప్పింది నేను. తెలియక చెప్పాను. తప్పు నాది. మీ తొడుగులు చింపింది మీరు కాదు, నేను."

కత్తిపిన్ని సీసా ఎత్తి వెలుగుకి పట్టి చూసింది. "అమ్మో! వాచిపోయింది నా చిన్న కోడలి ముఖంలా." ఎవరూ పెద్దగా నవ్వలేదు. మరదలి సంగతి అప్పటికే అందరికీ తెలుసు.

నవ్వులాయన పరుగున వచ్చాడు. "అక్కా, అక్కా. ఇలా లోపలికి రాకూడదు. ఆఫీసులో మాట్లాడుకుందాం."

"ఇక్కడే. వేళ్లు ఉన్నవాళ్ల ముందే మాట్లాడతాను."

అతను గొంతు తగ్గించాడు. నవ్వు మాత్రం తగ్గించలేదు. "నూనె మీది. సలహా మీది. క్రిములు చస్తాయని ఊరంతా చెప్పింది మీరు. ఇప్పుడు మా మీద పడితే ఎలా?"

"నాదే. కాదన్నానా? నేను గానుగ తిప్పుకునేదాన్ని, నా జన్మలో తొడుగు ఎరగను. తప్పు మాట చెప్పాను, చిరిగింది. చిరిగిందని వాళ్లొచ్చి నీకు చెప్పారు. కొత్తది ఇవ్వకపోతే ఏమవుతుందో నీకు తెలియదా? నర్సు గదికి తాళం వెయ్యమని నేను చెప్పానా? ముల్లు గుచ్చుకున్న పిల్లని జ్వరంతో కత్తి పట్టించమని నా నూనె వచ్చి నీ చెవిలో ఊదిందా?"

"ల్యాబు రిపోర్టు..."

"ఇదిగో నీ ల్యాబు." ఫొటో అతని ఛాతీకి ఆనించింది. "ఈ పళ్లెంలో ముల్లు ఎక్కడుంది, చూపించు. నెత్తురు ఎక్కడుంది? ఎముక ఎక్కడుంది? పళ్లేనికి పిల్లలున్నారా, మొగుడున్నాడా, రేపు పనికి రాకపోతే గైర్హాజరు పడుతుందా? పళ్లెంలో క్రిమి చస్తే మనిషికి డాక్టరు అక్కర్లేదని నీకు ఎవడు చెప్పాడు?"

కత్తిపిన్ని ఈలోగా చెత్తబుట్ట దగ్గరకెళ్లి పాత తొడుగుల పెట్టె ఒకటి తెచ్చింది. పక్కన చిన్న బొమ్మ: ఒక నూనెచుక్క, దానిమీద అడ్డంగా కొట్టేసిన గీత.

"ఇదేంటి సారూ? మేం చదువు రానివాళ్లం. ఇది బొమ్మ కదా, మాకే తెలుస్తోంది."

నవ్వులాయన పెట్టెవంక చూశాడు. "ఆ పెట్టెలు ఎవరు చదువుతారమ్మా?"

"చదవడానికే కదయ్యా నీకు జీతం!" అంది గానుగక్క. అప్పుడు నవ్వారు ఆడవాళ్లు. ఒక్కసారిగా, ఫ్యాక్టరీ గోడలు అదిరేలా. అతని ముఖం మీద నవ్వు మొదటిసారి చెదిరింది.

"సరే. మీకు ఇష్టం లేకపోతే వేరే గానుగ చూసుకుంటాం. ఊళ్లో మీరొక్కరే కాదు."

"చూసుకో. నేను ఒక్క బొట్టు పొయ్యను. నువ్వు ఏ గానుగకి పోతే ఆ గానుగకి ఈ సీసా పట్టుకుని నీ వెనకాలే వస్తాను. ఈ వీధుల్లో సీసా మొయ్యడం నాకు కొత్త కాదు."

విరామం అయిపోయిన గంట మోగింది. ఎవరూ లేవలేదు. కత్తిపిన్ని తన కత్తిని బల్ల మీద పడుకోబెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది. పక్కామె కూడా పెట్టింది. బల్ల వెంట ఒకటొకటిగా కత్తులు పడుకున్నాయి. ఐసు కరగడం మొదలైంది. చేపలు ఎదురుచూడవు కదా, అది అందరికన్నా యజమానులకే బాగా తెలుసు. నేల మీద నీళ్లు చెప్పులదాకా వచ్చేసరికి పై అంతస్తు నుంచి మేనేజరు దిగాడు. ఇన్నేళ్లలో ఆయన బూట్లు ఆ నేల మీద పడటం చాలామంది చూడటం అదే మొదటిసారి.

"ఏం కావాలి?" అన్నాడు.

"నీలం తొడుగులు," అంది కత్తిపిన్ని.

"నర్సమ్మ," అంది ఇంకొకామె.

"గుచ్చుకున్నవాళ్లకి సెలవు. ఆస్పత్రిలో ఉన్నదానికి పూర్తి జీతం," అంది గానుగక్క. "నా డబ్బాలు ఆ గదిలోంచి బయటపెట్టండి. నా నూనెకి నర్సమ్మ చోటు అక్కర్లేదు."

నీలం తొడుగులు నాలుగు రోజులకి వచ్చాయి. నర్సమ్మ ఆ తర్వాతివారం తిరిగొచ్చింది. సెలవు సంగతి ఇంకా తేలలేదు, రోజూ గేటు దగ్గర ఆ గొడవ నడుస్తూనే ఉంది. నవ్వులాయన ఉద్యోగం ఏమీ పోలేదు. అలాంటివాళ్లది పోదు. ఇప్పుడు కాస్త తక్కువ నవ్వుతాడు, అంతే తేడా.

గానుగక్క నూనె మానలేదు. మానదు కూడా. పగుళ్లకి అది మంచిదే, ఇవాళా మంచిదే. గోడమీద ఫొటో మళ్లీ తగిలించింది. పక్కనే ఉబ్బిన తొడుగు సీసా పెట్టింది. సీసా కొనడానికి వచ్చిన ప్రతివాళ్లనీ ముందు చెయ్యి చూపించమంటుంది. ముల్లుగానీ, వాపుగానీ కనపడిందా, నూనె అమ్మదు. "డాక్టరు దగ్గరకి ఫో, నా మొహం చూడకు" అని తరుముతుంది.

మరదలి చెయ్యి దక్కింది. వేలు కూడా దక్కింది, అయితే గణుపు బిగుసుకుపోయింది. చూపుడువేలు మడవడం రాదు. కట్టు విప్పిన రోజు గానుగక్క ఆ వేలు తన అరచేతిలో పెట్టుకుని ఎంతసేపో కూర్చుంది. ఏదో అనబోయింది.

"నన్ను క్షమించమని మాత్రం అనకు వదినా," అంది మరదలు. "నీ నోటికి అది అతకదు. నాకు భయమేస్తుంది."

"ఇంక కత్తి ఎలా పడతావే?"

"మూడు వేళ్లతో పడతా. నేర్చుకుంటున్నా."

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర ఆడవాళ్లందరూ గుమిగూడి ఉన్నారు. సెలవుల గొడవ. నవ్వులాయన మెట్ల మీద నిలబడి, "ఆ అమ్మాయికి జరిగినదానికి బాధ్యులు ఎవరో ఇంకా తేలాల్సి ఉంది" అంటున్నాడు.

మరదలు గుంపులోంచి చెయ్యి పైకెత్తింది. మిగతా వేళ్లన్నీ పిడికిలిలోకి ముడుచుకున్నాయి. ఆ ఒక్కటీ ముడుచుకోలేదు. తిన్నగా మెట్లవైపే చూస్తోంది.

"నేను ఏం అనట్లేదు సారూ," అంది. "నా వేలు వంగదు, అంతే."

అతను పక్కకి జరిగాడు. వేలు కూడా జరిగింది.